సంతకం ఇక్కడిది.. చెల్లాల్సింది అక్కడ!

విదేశాలకు వెళ్లే ధ్రువపత్రాలకు ముద్రల దారి ఇదీ

మిర్యాలగూడ: విదేశంలో ఉద్యోగం ఖాయమైందన్న కబురు వచ్చిన రోజు ఇంట్లో పండుగ వాతావరణం నెలకొంటుంది. మరునాడు కంపెనీ పంపిన జాబితా చూశాక అసలు కథ మొదలవుతుంది. డిగ్రీ పట్టాను ‘అటెస్టేషన్’ చేయించి పంపాలని, పెళ్లి ధ్రువపత్రానికి ‘అపోస్టిల్’ ఉండాలని అందులో రాసి ఉంటుంది. గడువు నెలో, నెలన్నరో. ఆ మాటలకు అర్థం తెలియక కొందరు దగ్గర్లోని గెజిటెడ్ అధికారితో జిరాక్సు ప్రతులపై పచ్చ సిరా సంతకం చేయించి పంపిస్తున్నారు. అవి అంతే వేగంగా తిరిగి వస్తున్నాయి. మరికొందరు ఒరిజినల్ పత్రాలను, వేల రూపాయలను ఏజెంటు చేతిలో పెట్టి ఫోన్ కోసం ఎదురు చూస్తున్నారు. ఈలోగా గడువు దాటిపోతే వచ్చిన కొలువు చేజారినట్టే.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల నుంచి విదేశాలకు వెళ్లేవారిలో ఇంజినీరింగ్ చదివినవారు, నర్సులు, గల్ఫ్‌లో పనిచేసే సాంకేతిక నిపుణులు, వారి వెనుక వెళ్లే భార్యాపిల్లలు ఉన్నారు. వీరందరికీ ఏదో ఒక దశలో ఈ ముద్రల అవసరం పడుతుంది. పని నిజానికి అంత కష్టమైనది కాదు. వరుస తెలియకపోవడం వల్లే తలప్రాణం తోకకు వస్తోంది.

ముద్ర చెప్పేది ఒక్కటే మాట

మన మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం మీద కమిషనర్ సంతకం నిజమైనదేనా అన్నది దుబాయ్‌లోని అధికారికో, లండన్‌లోని ఆసుపత్రి యాజమాన్యానికో తెలిసే అవకాశం లేదు. అందుకే ఆ సంతకం నిజమైనదని ఇక్కడి పై అధికారి ఒకరు చెప్పాలి. ఆ పై అధికారి సంతకం నిజమైనదని ఢిల్లీ చెప్పాలి. ఢిల్లీ మాటను ఆ దేశపు రాయబార కార్యాలయం ఒప్పుకోవాలి. ఒక్కో మెట్టు దగ్గర ఉన్న అధికారి చూసేది తనకు ముందున్న సంతకాన్ని మాత్రమే. పత్రంలో రాసిన విషయం నిజమా కాదా అన్నది ఈ ముద్రలు చెప్పవు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలిన దారి అంతా సులువవుతుంది. పుట్టిన తేదీ తప్పు పడిన పత్రానికి ఎన్ని ముద్రలు వేయించినా అది తప్పు పత్రమే.

ఈ పొడవాటి దారిని కుదించడానికే 1961 అక్టోబర్ 5న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఇందులో చేరిన దేశాల మధ్య రాయబార కార్యాలయం ముద్ర అవసరం ఉండదు. పత్రం జారీ చేసిన దేశంలోని అధీకృత శాఖ ఒకే ఒక్క ధ్రువీకరణ ఇస్తే చాలు, మిగతా సభ్య దేశాలన్నీ దానిని అంగీకరించాలి. ఆ ధ్రువీకరణ పేరే అపోస్టిల్. ఇది ఫ్రెంచి మాట. పత్రం పక్కన రాసే గమనిక అని దీని అర్థం. భారత్ ఈ ఒప్పందంలో చేరడానికి 2004 అక్టోబర్ 26న సమ్మతి పత్రం అందజేసింది. 2005 జులై 14 నుంచి మన దేశానికి ఒప్పందం వర్తిస్తోంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి.

మన విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ చతురస్రాకారపు స్టిక్కర్ రూపంలో ఉంటుంది. దానిని ఒరిజినల్ పత్రం వెనుక అతికిస్తారు. జారీ చేసిన దేశం, పత్రంపై సంతకం చేసిన అధికారి, ఆయన హోదా, పత్రంపై ఉన్న ముద్ర, ధ్రువీకరించిన స్థలం, తేదీ, క్రమసంఖ్య వంటి పది అంశాలు అందులో ఉంటాయి. ఈ పది అంశాల వరుస ఒప్పందంలోనే నిర్దేశించి ఉన్నందున ఏ దేశపు అపోస్టిల్ అయినా ఒకే తీరుగా కనిపిస్తుంది. స్టిక్కర్‌పై ఉన్న సంఖ్య ఆధారంగా అసలుదో నకిలీదో విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

గల్ఫ్‌లోనూ దేశానికో దారి

గల్ఫ్ అంటే అన్ని దేశాలకూ ఒకటే పద్ధతి అనుకుని పొరబడుతున్నవారు ఎక్కువగా ఉన్నారు. ఒమన్‌లో 2012 జనవరి నుంచి, బహ్రెయిన్‌లో 2013 డిసెంబర్ నుంచి హేగ్ ఒప్పందం అమలులో ఉంది. సౌదీ అరేబియాలో 2022 డిసెంబర్ 7న అమలులోకి వచ్చింది. అంతకు ముందు సౌదీ వెళ్లిన అన్నో, మామో చెప్పిన పద్ధతి ఇప్పుడు వర్తించదు. యూఏఈ, ఖతార్, కువైట్ మాత్రం ఒప్పందంలో లేవు. వీటికి పాత దారే శరణ్యం. రాష్ట్ర ప్రభుత్వం, ఆ తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం, అక్కడికి చేరాక ఆ దేశ విదేశాంగ శాఖ ముద్ర కూడా వేయించుకోవాలి. యూఏఈ 2023లో హైదరాబాద్‌లోనే కాన్సులేట్ ప్రారంభించింది.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్ ఏనాటి నుంచో ఒప్పందంలో ఉన్నాయి. సింగపూర్ 2021 సెప్టెంబర్‌లో, కెనడా 2024 జనవరి 11న వచ్చి చేరాయి. జర్మనీ విషయం వేరు. ఆ దేశం ఒప్పందంలో ఉన్నా, భారత్ చేరికపై అభ్యంతరం తెలిపింది. ఈ కారణంగా మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. అక్కడ చదువుకోవాలనుకునే మన విద్యార్థుల సర్టిఫికెట్లను ఏపీఎస్ అనే విభాగం పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. విద్యార్థి వీసాకు దీనిని 2022 నవంబర్ 1 నుంచి తప్పనిసరి చేశారు.

కాబట్టి ఎవరో చెప్పారని కాక, పత్రం అడిగిన సంస్థనే అడగాలి. ఏ పత్రం కావాలి, ఒరిజినల్ మీద ముద్ర కావాలా లేక నోటరీ చేసిన ప్రతి మీదనా, అపోస్టిల్ సరిపోతుందా, రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలా అన్నవి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకుంటే సగం శ్రమ తగ్గినట్టే.

ఒక రాష్ట్రంలో చదివి, మరో రాష్ట్రంలో ముద్ర

విదేశాంగ శాఖ ఏ పత్రాన్నైనా నేరుగా తీసుకోదు. మొదట ఆ పత్రం జారీ అయిన రాష్ట్రంలోని అధీకృత అధికారి ధ్రువీకరించి ఉండాలి. రాష్ట్రాలు పంపిన నమూనా సంతకాలు విదేశాంగ శాఖ దగ్గర ఉంటాయి. వాటితో పోల్చి చూశాకే ముద్ర పడుతుంది. తెలంగాణలో ఈ పని సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ పరిధిలోని ఎన్‌ఆర్‌ఐ విభాగం చూస్తుంది. విద్యార్హత పత్రాలైతే అంతకుముందే విశ్వవిద్యాలయం లేదా బోర్డు నుంచి అవి అసలైనవేనని తేలాల్సి ఉంటుంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లావాసులకు చిక్కు వచ్చిపడేది ఇక్కడే. నివాసం ఎక్కడన్నది ముఖ్యం కాదు, పత్రం ఎక్కడ జారీ అయిందన్నదే ముఖ్యం. కోదాడకు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు కూతవేటు దూరం. ఇక్కడి పిల్లలు ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన తర్వాత అక్కడ చదివినవారి మెమోలు ఆంధ్రప్రదేశ్ బోర్డువి. ఇంజినీరింగ్ హైదరాబాద్‌లో చేసి ఉంటే ఆ పట్టా తెలంగాణది. అంటే ఒకే విద్యార్థి చేతిలోని రెండు కాగితాలకు రెండు రాష్ట్రాల ముద్రలు కావాలి.

నర్సుల పరిస్థితి మరీ విచిత్రం. వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం రాకముందు రెండు ప్రాంతాలకూ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే దిక్కు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోనే చదివి, హైదరాబాద్‌లోనే పనిచేస్తున్న నర్సు బీఎస్సీ పట్టా విజయవాడ నుంచి జారీ అయి ఉంటుంది. దాని ధ్రువీకరణకు ఏ సచివాలయానికి వెళ్లాలో బయల్దేరే ముందే విచారించుకోవడం మంచిది. ఇందుకు భిన్నంగా, 2008లో జేఎన్‌టీయూను విభజించక ముందు కోస్తాలోని దాని అనుబంధ కళాశాలల్లో చదివినవారి పట్టాలు హైదరాబాద్ నుంచి వచ్చినవే. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడింది. అంతకు ముందు మిర్యాలగూడ, సూర్యాపేట డిగ్రీ కళాశాలల్లో చదివినవారు తమ పట్టాల పరిశీలనకు ఉస్మానియా పరీక్షల విభాగానికే వెళ్లాలి.

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడలు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాత పత్రాలపై నల్లగొండ జిల్లా అని ఉండటం తప్పేమీ కాదు. దానిని మార్పించుకోవాలని కార్యాలయాల చుట్టూ తిరగాల్సిన పనిలేదు.

పేరు దగ్గరే పేచీ

ముద్రల కోసం హైదరాబాద్ వెళ్లినవారిని వెనక్కి తిప్పే కారణాల్లో పేర్ల తేడా ముందుంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటుంది. డిగ్రీ పట్టాలో ఆ పొడి అక్షరం పేరు చివరకు వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. నాలుగూ ఒకే మనిషివని ఊళ్లో అందరికీ తెలుసు. కంప్యూటర్ తెర ముందు కూర్చున్న పరాయి దేశపు గుమాస్తాకు మాత్రం వారు నలుగురు మనుషులు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవారికి అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు స్థానంలో పడి, సొంత పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. సొంత పేరు తెలియదు అని దానికి అర్థం. అక్కడి తెలుగువారిలో ఈ మూడక్షరాలను బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు వరకు మోసుకు తిరుగుతున్నవారు ఉన్నారు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం ఉండదని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరు గడిని నింపుకోవడం చిన్న పనే. తర్వాత సరిదిద్దుకోవడం మాత్రం పెద్ద పని.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళలకు ఇది మరో రకం తంటా. చదువు సర్టిఫికెట్లు పుట్టింటి పేరుతో, ఆధార్ అత్తింటి పేరుతో ఉంటాయి. వివాహ ధ్రువపత్రమే ఈ రెంటికీ మధ్య వంతెన. పేరు మార్చుకోవడం చట్టం తప్పనిసరి చేసిన విషయం కాదు. విదేశీ ప్రయాణం ఆలోచన ఉన్న యువతులు చదువు పత్రాల్లో ఉన్న పేరుతోనే పాస్‌పోర్టు కొనసాగించుకుంటే చిక్కులు తగ్గుతాయి.

పుట్టిన తేదీది మరో కథ. ఓ తరం కింద ఊళ్లలో పిల్లవాడిని బడిలో చేర్చే రోజున ఉపాధ్యాయుడు వయసు లెక్కగట్టి ఏదో తేదీ వేసేవారు. జూన్ నెలలో పుట్టినవారు మన పల్లెల్లో అంత ఎక్కువగా ఉండటానికి కారణం అదే. ఆ తేదీయే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి ఎక్కింది. ఇప్పుడు పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో అసలు నమోదు వెతికి తీస్తే వేరే తేదీ కనిపిస్తుంది. రెండు తేదీలున్న పత్రాలను ఒకే ఫైలులో పెట్టి పంపడం కన్నా పెద్ద పొరపాటు లేదు. ఏ పత్రంలో దిద్దుబాటు వీలవుతుందో ముందుగా తేల్చుకుని, ఆ తర్వాతే ముద్రల సంగతి చూడాలి.

జనన ధ్రువపత్రమే లేకపోతే

ఇంటి కాన్పుల కాలంలో పుట్టినవారికి చాలామందికి జనన నమోదే లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టిన 21 రోజుల్లోగా సమాచారమిస్తే రుసుము లేకుండా నమోదు చేస్తారు. ఏడాది దాటిన జననాలను మేజిస్ట్రేట్ ఉత్తర్వుతోనే నమోదు చేయాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఈ ఉత్తర్వు ఇస్తారు. రికార్డుల్లో నమోదు లేదని తేలితే ఆ మేరకు ‘నమోదు అందుబాటులో లేదు’ అనే పత్రం ఇస్తారు. అమెరికాలోని పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు పెట్టినప్పుడు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. దీనికి తోడు పదో తరగతి మెమో వంటి ఇతర ఆధారాలు, పుట్టుక గురించి తెలిసిన పెద్దల ప్రమాణ పత్రాలు జత చేయాలి.

2023 అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు మరో మాట. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ ఆధారంగా ఇక జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలను ఈ మేరకు సవరించారు. పేరు రాయించకుండా వదిలేసిన జనన పత్రం చేతిలో ఉంటే ఇప్పుడే రాయించుకోవాలి.

పెళ్లి పత్రం విషయంలోనూ అలసత్వం కనిపిస్తోంది. శుభలేఖ, ఫొటో ఆల్బం, ఫంక్షన్ హాలు రసీదు ఏవీ విదేశంలో చెల్లవు. హిందూ వివాహ చట్టం కింద సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకున్న ధ్రువపత్రమే కావాలి. ఉమ్మడి రాష్ట్రంలోనే 2002లో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం చేశారు. అయినా వీసా అవసరం వచ్చేదాకా కార్యాలయం మెట్లెక్కని దంపతులు నేటికీ ఉన్నారు. గల్ఫ్‌లో కుటుంబ వీసాకు ఈ పత్రంపై ముద్రలు తప్పనిసరి. అక్కడి బడిలో చేరే పిల్లల టీసీపై సాధారణంగా జిల్లా విద్యాశాఖాధికారి ప్రతిసంతకం కూడా అడుగుతారు.

లామినేషన్ ఓ శాపం

సర్టిఫికెట్లు చెదలు పట్టకుండా, వానకు తడవకుండా ఉండాలని తొంభైల్లో బస్టాండ్ల దగ్గర దుకాణాల్లో లామినేషన్ చేయించడం ఓ వేలంవెర్రిగా సాగింది. ఇప్పుడు ఆ ప్లాస్టిక్కే అడ్డం పడుతోంది. లామినేషన్ మీద ముద్ర నిలవదు, స్టిక్కర్ అతకదు. దానిని ఒలవబోతే కాగితం చిరుగుతుంది, సిరా లేచిపోతుంది. ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి తీయాలన్న సలహాను నమ్మి మెమోను పాడుచేసుకోవడం కన్నా బోర్డు నుంచి డూప్లికేట్ తెప్పించుకోవడం మేలు. ఆలస్యమైనా అది గట్టి పత్రం.

మీసేవలో తీసుకునే డిజిటల్ సంతకం పత్రాలపై అధికారి సిరా సంతకం, గుండ్రటి ముద్ర అదనంగా కావాలా అన్నది కూడా ముందే అడగాలి. ప్రైవేటు ఆసుపత్రి, కంపెనీ ఇచ్చే అనుభవ పత్రాలు ప్రభుత్వ పత్రాల కిందికి రావు. వాటిని మొదట నోటరీ చేయించి ఆ తర్వాత పై మెట్లకు తీసుకెళ్లాలి. పెళ్లి కాలేదని ఇచ్చే ప్రమాణ పత్రానికీ అదే దారి.

ఢిల్లీ వెళ్లక్కర్లేదు

ఒకప్పుడు ఈ పని కోసం రైలెక్కి ఢిల్లీలోని పాటియాలా హౌస్ వరకు వెళ్లాల్సి వచ్చేది. 2012 జులై నుంచి అక్కడ వ్యక్తుల నుంచి నేరుగా పత్రాలు తీసుకోవడం ఆపి, స్వీకరణ, అప్పగింత పనులను ఎంపిక చేసిన ఏజెన్సీలకు అప్పగించారు. 2019 జనవరి 1 నుంచి హైదరాబాద్ సహా పలు నగరాల్లోని విదేశాంగ శాఖ కార్యాలయాలకే అధికారం ఇచ్చారు. మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగా రైలులోనో, సూర్యాపేట, కోదాడ నుంచి జాతీయ రహదారి మీద బస్సులోనో హైదరాబాద్ చేరుకుంటే రాష్ట్ర ముద్ర, కేంద్ర ముద్ర రెండూ ఒకే నగరంలో పూర్తవుతాయి.

రుసుము వింటే ఆశ్చర్యం కలుగుతుంది. విదేశాంగ శాఖ అపోస్టిల్‌కు తీసుకునేది పత్రానికి 50 రూపాయలు. ఒప్పందంలో లేని దేశాలకు చేసే మామూలు ధ్రువీకరణకు ఆ శాఖ రుసుమే తీసుకోదు. పత్రాలు స్వీకరించే ఏజెన్సీ సేవారుసుము, స్కానింగ్ ఖర్చు కొద్ది మొత్తంలో అదనం. రాయబార కార్యాలయాల రుసుములు మాత్రం దేశాన్ని బట్టి భారీగానే ఉంటాయి. ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ కోసం 2017లో ‘ఈ-సనద్’ విధానం మొదలైంది. పత్రం జారీ చేసిన సంస్థ తన రికార్డులను అందులో చేర్చి ఉంటే కార్యాలయాలకు తిరిగే పని తప్పుతుంది.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను స్థానిక స్టేషన్‌లో అడిగి భంగపడుతున్నవారూ ఉన్నారు. విదేశీ అవసరానికి దానిని పాస్‌పోర్టు విభాగమే ఇస్తుంది. రుసుము 500 రూపాయలు. 2022 సెప్టెంబర్ చివరి నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. నల్లగొండలో ఆ కేంద్రం ఉంది. ఈ సర్టిఫికెట్ కొద్ది నెలలే చెల్లుతుంది కనుక అన్నింటికన్నా ముందుగా తీసి దాచుకోవడం వృథా.

అవసరం లేని ముద్రలు

భయంతో ఉన్న కాగితాలన్నింటికీ ముద్రలు వేయించుకుని డబ్బు పోగొట్టుకునేవారి సంఖ్య తక్కువేమీ కాదు. అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే విద్యార్థిని సాధారణంగా అపోస్టిల్ అడగరు. విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌క్రిప్టులు అడుగుతారు. కెనడా వలసకు చదువు విలువ కట్టించుకునే పద్ధతిలో కూడా విశ్వవిద్యాలయమే మార్కుల వివరాలను మూల్యాంకన సంస్థకు నేరుగా పంపాలి. అమెరికా వలస వీసాకు ఇచ్చే జనన, వివాహ పత్రాలకు అపోస్టిల్ అక్కర్లేదు. జారీ చేసిన అధికారి ధ్రువీకరించిన ప్రతి, తెలుగులో ఉంటే ఆంగ్ల అనువాదం చాలు.

ఏజెంట్ల వద్ద తస్మాత్ జాగ్రత్త

తీరిక లేనివారు ఏజెంటును ఆశ్రయించడం తప్పుకాదు. అయితే వారంలో పనిని రెండు రోజుల్లో చేసిపెడతామన్న చోట అనుమానించాలి. రాష్ట్ర ధ్రువీకరణ లేకుండానే పై ముద్రలు తెచ్చామని చెప్పేవారి కాగితం మీద ఉన్నది రబ్బరు స్టాంపే కావచ్చు. నకిలీ ముద్రతో పట్టుబడితే గల్ఫ్ దేశాల్లో జైలు, దేశ బహిష్కరణ తప్పవు. ఏజెంటు ఆ సరికి ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు. ఇక్కడా భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ ఒక నేరం, ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడటం మరో నేరం. 

ఒరిజినల్స్ అప్పగించేటప్పుడు ప్రతి కాగితం పేరు, సంఖ్యతో రసీదు రాయించుకోవాలి. ముందూ వెనుకా స్కాన్ చేసి పెట్టుకోవాలి. అడగని పత్రం ఇవ్వకూడదు. పని పూర్తయ్యాక అపోస్టిల్ సంఖ్యను సొంతంగా సరిచూసుకున్నాకే మిగతా డబ్బు చెల్లించడం ఉత్తమం.

అక్కడి నుంచి వచ్చే కాగితం

ఇదే చిక్కు తిరుగు ప్రయాణంలోనూ ఎదురవుతోంది. అమెరికాలో ఉంటున్న కొడుకు మిర్యాలగూడలోని ప్లాటు అమ్మేందుకు తండ్రి పేరిట జీపీఏ పంపుతాడు. దానిని సాదా కాగితంపై సంతకం చేసి వాట్సాప్‌లో పంపితే రిజిస్ట్రేషన్ జరగదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్నవారు జీపీఏను నోటరీ, న్యాయస్థానం, న్యాయమూర్తి, మేజిస్ట్రేట్, లేదా భారత కాన్సులేట్ అధికారి ఎదుట రాసివ్వాలి, ఆ అధికారి దానిని ధ్రువీకరించాలి. అక్కడి నోటరీ దగ్గర చేయిస్తే ఆ రాష్ట్ర అధికారుల నుంచి అపోస్టిల్ కూడా తీసుకుని పంపడం క్షేమం. మన అపోస్టిల్‌ను వారు అంగీకరించినట్టే వారి అపోస్టిల్‌ను మనం అంగీకరించాలి.

ఇక్కడ అందరూ మరిచిపోయే గడువు ఒకటి ఉంది. విదేశంలో రాసిన దస్తావేజు మన దేశంలోకి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ చెల్లించి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించుకోవాలని 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. బేరం కుదిరేదాకా జీపీఏను బీరువాలో ఉంచి, రిజిస్ట్రేషన్ రోజున బయటకు తీసేవారికి ఆ గడువు దాటిన సంగతి అప్పుడే తెలుస్తోంది. కవరు చేతికందిన రోజే దానిపై తేదీ వేసుకుని, తపాలా ముద్ర ఉన్న ఆ కవరును కూడా దస్తావేజుతో పాటు భద్రపరచుకోవాలి.